బండ చెప్పింది, కంపెనీ చెప్పదు

తొలకరి పడి మట్టి కొట్టుకుపోగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో జనం తల వంచుకొని నడవడం మొదలుపెడతారు. పక్క జిల్లాల నుంచి కూడా వస్తారు. సద్దిమూట కట్టుకొని, చెట్ల కింద పడుకొని, రోజుల తరబడి వజ్రం కోసం వెతుకుతారు. దొరికినవాడు నోరు విప్పడు. రాయిని గుట్టుగా వ్యాపారి చేతిలో పెట్టి, ఇచ్చింది తీసుకొని ఇంటికి పోతాడు. అతడు మాట్లాడకపోతే ఊరు మాట్లాడకుండా ఉంటుందా? పొద్దున రెండు లక్షలన్న రాయి సాయంత్రానికి ఇరవై లక్షలవుతుంది. అసలు సంగతి తెలిసినవాడు నోరు మూసుకుంటే తెలియనివాళ్ళ మాటే ఊళ్ళో నిలుస్తుంది.

వజ్రం దొరికిన పేదవాడు భయపడి మూగబోతాడు. అతడిని తప్పు పట్టలేము. కానీ నేల, నీరు, గాలితో వ్యాపారం చేసే కంపెనీలు కూడా ఇలాగే నోరు మూసుకుంటే ఏమవుతుంది? సరుకు కొనేవాళ్ళు ఏమనుకుంటారు? సరుకు తయారయ్యే చోట బతికే మనం ఏమనుకోవాలి? ఈ వ్యాసంలో మేము మాట్లాడదలచుకున్నది ఆ మౌనం గురించి.

పచ్చపూత, పచ్చమౌనం

చేయని మంచిని చేశామని చెప్పుకోవడం మనకు తెలిసిన మోసమే. ప్యాకెట్టు మీద ఆకుబొమ్మ వేసి, 'ప్రకృతి సహజం' అని రాసి అమ్ముతారు. దీన్ని ఇంగ్లీషులో గ్రీన్‌వాషింగ్ అంటున్నారు. మనం పచ్చపూత అనుకుందాం. దీనికి ఎదురుగా మరొకటి బయలుదేరింది. కాలుష్యం తగ్గించడానికి చేస్తున్న పనిని కూడా చెప్పకుండా దాచుకోవడం. దాని పేరు గ్రీన్‌హషింగ్. మనం పచ్చమౌనం అనుకుందాం.

మంచి పని చేసి దాచుకోవడమేమిటని మొదట నవ్వొస్తుంది. కానీ ఇది నిజం. 2022లో సౌత్ పోల్ అనే స్విట్జర్లాండ్ సంస్థ 12 దేశాల్లో 1,200కు పైగా కంపెనీలను అడిగింది. కాలుష్యం తగ్గించే లక్ష్యాలు పెట్టుకున్నవాటిలో కూడా దాదాపు నాలుగింట ఒకటి ఆ లక్ష్యాలను చాటుకునే ఆలోచన లేదని చెప్పింది. అంతకుముందు ఇంగ్లండులో పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండప్రాంతంలో పర్యాటక విడుదులు నడిపే చిన్న వ్యాపారులను పరిశోధకులు గమనించారు. 2017లో ప్రచురించిన ఆ పరిశోధన ప్రకారం, వాళ్ళు పర్యావరణం కోసం చేస్తున్న పనుల్లో సుమారు 30 శాతమే కొనేవాళ్ళకు చెబుతున్నారు.

ఎందుకు చెప్పరు? మొదటి కారణం భయం. ఒక మంచి చెబితే, 'మరి ఇది ఎందుకు చేయలేదు?' అని పది ప్రశ్నలు వస్తాయి. రెండో కారణం కొనేవాడి మనసు. 2014లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన ఆసక్తికరమైన సంగతి చెప్పింది. పర్యావరణం కోసమే ఈ సరుకును మార్చాం అని కంపెనీ చెబితే, 'అయితే నాణ్యత తగ్గించి ఉంటారు' అని కొనేవాళ్ళు అనుమానించారు. ఆ మేలు అనుకోకుండా కలిగిందంటే అంత అనుమానించలేదు. మన సంతలోనూ ఇదే బుద్ధి కనిపిస్తుంది. మందు కొట్టని వంకాయ అని చెబితే, 'అందుకే పుచ్చులున్నాయా?' అంటారు.

కాబట్టి తప్పంతా కంపెనీలదే అనడం మా ఉద్దేశం కాదు. చెబితే అనుమానించి, చెప్పకపోతే పట్టించుకోకుండా ధర మాత్రమే చూసే కొనుగోలుదారుకూ ఈ మౌనంలో వాటా ఉంది. అయితే ఈ చర్చలన్నీ ఇద్దరి మధ్యనే జరుగుతున్నాయి. ఒకరు కంపెనీ, ఇంకొకరు కొనేవాడు. మూడోవాడు ఒకడున్నాడు. కొనడు, అమ్మడు. ఆ సరుకు పుట్టే చోట ఉంటాడు. తండాలో ఉంటాడు, గూడెంలో ఉంటాడు. ఆ మౌనం వాడికి ఎలా వినిపిస్తుందో ఎవరూ అడగలేదు.

దుమ్ము మీద పోసిన నీళ్ళు

మాకు తెలిసిన ఒక తండా పక్కన రాళ్ళు పిండి చేసే క్రషర్ ఒకటి వచ్చింది. పేరు అక్కర్లేదు. మొదటి ఏడాది దుమ్ము లేచి కంది చేల మీద తెల్లగా పేరుకుంది. తండా పెద్దలు పోయి అడిగితే, అక్కడి మేనేజరు 'అన్నీ రూల్సు ప్రకారమే ఉన్నాయి, మీరు పోండి' అన్నాడు. ఒక కాగితం చూపలేదు. ఒక మనిషి తండాకు రాలేదు.

రెండో ఏడాది వేసవిలో తెల్లవారుజామున ట్యాంకర్లు రావడం, దారి పొడుగునా, రాళ్ళ గుట్టల మీద నీళ్ళు చల్లడం మొదలైంది. దుమ్ము అణచడానికి చేయవలసిన పని అదే. పద్ధతి ప్రకారం అది మంచి పని. కానీ ఎవరూ చెప్పలేదు. అప్పుడు తండాలో బోరు ఎండి, మూడు రోజులకొకసారి నీళ్ళు వస్తున్నాయి. ఒక అవ్వ మాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "సారూ, మాకు తాగనీకె నీళ్ళు లేవు. వాళ్ళు దుమ్ముకు నీళ్ళు తాపుతాండారు." ఆ నీళ్ళు తండా బోర్ల నుంచే లాగుతున్నారని పుకారు పుట్టింది. కుర్రాళ్ళు ట్యాంకరుకు అడ్డం పడ్డారు. మాటా మాటా పెరిగింది.

తర్వాత విచారిస్తే ఆ నీళ్ళు దూరంగా ఉన్న ఒక పాత క్వారీ గుంత నుంచి తెస్తున్నారని తేలింది. అప్పుడు మేనేజరే తండాకు వచ్చి చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. మొదటి ఏడాది అడిగినప్పుడు చెప్పనివాడు, రెండో ఏడాది అడ్డం పడితే చెబితే ఎలా నమ్ముతారు? చేసిన మంచి కూడా చెడ్డ కింద జమ అయింది.

పచ్చమౌనం గురించి పెద్ద పెద్ద నివేదికలు చదివినా మాకు ఇంతకన్నా బాగా అర్థం కాలేదు. నమ్మకం ముందుగా చెప్పిన మాటతో పుడుతుంది. దాన్ని పోగొట్టుకున్నాక నిజం చెప్పినా అది సాకులాగే వినిపిస్తుంది.

ఇలాంటి అనుమానం ఎంత దూరం పోతుందో 2024లో మన కళ్ళారా చూశాం. దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం కోసం బోర్లు వేయబోతున్నారని తెలిసేసరికి చుట్టుపక్కల ఊళ్ళు రోడ్డెక్కాయి. అది కంపెనీ కాదు, ప్రభుత్వ విభాగం. అయినా పాఠం ఒకటే. ఊరికి ముందుగా చెప్పకుండా మొదలుపెట్టబోయిన పని మీద ఊరికి భయం తప్ప మరేమీ మిగల్లేదు. చివరికి ఆ పని ముందుకు సాగదని ప్రభుత్వమే ప్రకటించాల్సి వచ్చింది.

చట్టం ఏమి అడుగుతుంది, ఏమి అడగదు

మన యువకులు ఇది తెలుసుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొనేవాడికి తెలుసుకునే హక్కు ఇచ్చింది. ఏమి తెలుసుకోవచ్చు? సరుకు నాణ్యత, పరిమాణం, శక్తి, స్వచ్ఛత, ప్రమాణం, ధర. ఆ సరుకు వల్ల ఏ వాగు పాడైందో, ఏ చెరువు ఎండిందో ఆ జాబితాలో లేదు. 2024 అక్టోబరులో పచ్చపూతను అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. పర్యావరణం గురించి ఏదైనా గొప్ప చెప్పుకుంటే ఆధారం చూపాలి. మంచిదే. కానీ అది మాట్లాడినవాడిని మాత్రమే నిలదీస్తుంది. నోరు మూసుకున్నవాడి జోలికి పోదు. అబద్ధానికి శిక్ష ఉంది, మౌనానికి లేదు. అలాంటప్పుడు తెలివైన కంపెనీ ఏ దారి పడుతుందో చెప్పనక్కర్లేదు.

1991లోనే మన దేశం ఎకోమార్క్ అనే గుర్తు పెట్టింది. పర్యావరణానికి తక్కువ హాని చేసే సరుకుల మీద వేసే గుర్తు అది. దాని బొమ్మ మట్టికుండ. ఎంత చక్కని బొమ్మ! కానీ ఆదోని అంగళ్ళలో కొన్న ఏ సరుకు మీదైనా ఆ కుండను చూసినట్టు మనలో ఎంతమందికి గుర్తుంది? 2024లో దానికి కొత్త నియమాలు తెచ్చారు. కంపెనీ ఇష్టపడి అడిగితేనే ఆ గుర్తు. అడగనివాడిని ఎవరూ అడగరు.

ఇక పెద్ద కంపెనీలు. షేర్ మార్కెట్‌లో విలువను బట్టి మొదటి 1,000 కంపెనీలు 2022-23 నుంచి ఏటా ఒక నివేదిక ఇవ్వాలని సెబీ నియమం. ఎంత నీరు వాడారు, ఎంత కరెంటు, ఎంత చెత్త, అన్నీ అందులో ఉండాలి. అంటే కంపెనీలు నిజానికి పూర్తిగా మౌనంగా లేవు. మాట్లాడుతున్నాయి. ఎవరితో? పెట్టుబడి పెట్టేవాడితో. ఏ భాషలో? ఇంగ్లీషులో. ఎక్కడ? ముంబయిలో.

పచ్చమౌనం అన్నప్పుడు మనం పట్టుకోవలసిన కొస ఇదే. కంపెనీ మౌనం అందరి ముందూ ఒకేలా ఉండదు. డబ్బు ఇచ్చేవాడి ముందు నోరు తెరుస్తుంది. దుమ్ము పీల్చేవాడి ముందు మూసుకుంటుంది.

ఎర్రగుడి బండ

ఈ సంగతి పిల్లలకు ఎలా చెప్పాలని ఆలోచిస్తే జవాబు మన మండలంలోనే దొరికింది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. 2,200 ఏళ్ళు దాటినవి. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. పెద్ద శాసనాలు పద్నాలుగూ, చిన్న శాసనాలూ ఒకే చోట ఉన్న బండలివి. మనం అటు మేకలు తోలుకొని పోయినవాళ్ళమే కానీ అక్కడ ఏముందో చదివినవాళ్ళం తక్కువ.

మొదటి శాసనంలో అశోకుడు తన వంటింటి లెక్క చెబుతాడు. ఒకప్పుడు తన వంటశాలలో రోజూ వేలు, లక్షల ప్రాణులను చంపేవారు. ఇప్పుడు మూడే చంపుతున్నారు. రెండు నెమళ్ళు, ఒక జింక. ఆ జింక కూడా రోజూ కాదు. ఇకమీదట ఆ మూడింటినీ చంపరు.

ఈ లెక్కలోని నిజాయితీని గమనించండి. చంపడం పూర్తిగా మానేశామని అతడు డప్పు కొట్టలేదు. పూర్తిగా మానేదాకా ఆగి అప్పుడు చెబుదామని మూగగా కూర్చోలేదు. నిన్న ఇంత, ఇవాళ ఇంత, రేపు ఇంత అన్నాడు. ఇంకా మూడు ప్రాణాలు పోతున్నాయని ఒప్పుకొని బండ మీద చెక్కించాడు. 'అసంపూర్తి పని చెబితే జనం తప్పు పడతారు' అని భయపడే నేటి కంపెనీలకు ఇంతకన్నా మంచి పాఠం ఏముంది? అసంపూర్తి పనిని అసంపూర్తి అని చెబితే అది పచ్చపూత కాదు, పచ్చమౌనమూ కాదు.

ఇంకొకటి. అక్కడి చిన్న శాసనం ఈ మాటలను జనానికి ఎలా చేరవేయాలో కూడా చెబుతుంది. డప్పు వేసి జనాన్ని పిలిచి చెప్పమంటుంది. ఏనుగులు తోలేవాళ్ళకు, రాయసగాళ్ళకు, రథాలు నడిపేవాళ్ళకు, పాఠాలు చెప్పేవాళ్ళకు చెప్పమంటుంది. రాసి పెట్టాం, చదువుకోగలిగినవాడు చదువుకుంటాడు అనలేదు.

అయితే మేము అశోకుడికి హారతి పట్టడానికి ఇది రాయడం లేదు. ఆదివాసులం కాబట్టి మిగతా శాసనాలు కూడా మన కళ్ళతో చదవాలి. పదమూడో శాసనం కళింగ యుద్ధం గురించి. లక్ష మంది చచ్చిపోయారని, లక్షా యాభై వేల మందిని తరలించారని, దానికి తాను బాధపడుతున్నానని రాజు ఒప్పుకుంటాడు. అదే శాసనంలో అడవి జనానికి ఒక హెచ్చరిక కూడా ఉంది. తాను పశ్చాత్తాపపడినా తన దగ్గర బలం ఉందని, దారిలో ఉండకపోతే చావు తప్పదని. దయ అందరికీ, బెదిరింపు అడవి జనానికి.

అంతకన్నా పెద్ద సంగతి ఉంది. ఆ పశ్చాత్తాపం ఎర్రగుడిలో ఉంది, వాయవ్యాన దూరంగా ఉన్న షాబాజ్‌గఢీలో ఉంది. కళింగలో లేదు. ఒడిశాలోని ధౌలి, జౌగఢ బండల మీద పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు వదిలేశారు. వాటి బదులు వేరే శాసనాలు చెక్కించారు. అందులో మనుషులంతా నా పిల్లలే అన్న తీయని మాట ఉంది. లక్ష మంది లెక్క మాత్రం లేదు. ఎవరికి గాయమైందో వాళ్ళ ఊళ్ళోనే ఆ లెక్క చెప్పలేదు. ఎందుకన్నది చరిత్రకారులు చర్చించుకుంటారు. మనకు కావలసింది ఆ తీరు. దూరంగా ఉన్నవాడికి ఒప్పుకోలు, దగ్గరున్నవాడికి ఓదార్పు. ఇవాళ ముంబయికి అంకెలు, ఊరికి మజ్జిగ పందిరి పంపే కంపెనీల తీరు ఇది కాదా?

హాల్‌మార్కు చెప్పనిది

అదే తుగ్గలి మండలంలో ఇప్పుడు బంగారు గని ఉంది. జొన్నగిరి, ఎర్రగుడి, పగిడిరాయి గ్రామాల పరిధిలో సుమారు 598 హెక్టార్ల లీజు. కంపెనీ పేరు జియోమైసూర్ సర్వీసెస్. అందులో షేర్ మార్కెట్‌లో నమోదైన డెక్కన్ గోల్డ్ మైన్స్‌కు వాటా ఉంది. జొన్నగిరే అశోకుడి కాలపు సువర్ణగిరి అని కొందరు పండితుల అభిప్రాయం. పేరులోని బంగారం ఇన్నాళ్ళకు పైకి వస్తోంది.

ఈ గని మీద మేము ఏ తప్పూ మోపడం లేదు. ప్రశ్న వేరే. రేపు ఆ బంగారం ఎక్కడో నగ అవుతుంది. ఆదోని అంగట్లో మన ఆడబిడ్డ పెళ్ళికి మనమే కొనవచ్చు. నగ మీద హాల్‌మార్కు ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య లేకుండా అమ్మకూడదు. ఆ సంఖ్య కొడితే స్వచ్ఛత తెలుస్తుంది, ముద్ర వేసిన కేంద్రం తెలుస్తుంది. ఏ నేల నుంచి వచ్చింది, దాన్ని రాయి నుంచి విడదీసిన నీళ్ళు ఎక్కడికి పోయాయి అన్నది తెలియదు. బంగారం ఎంత స్వచ్ఛమో చెబుతారు. గని పక్క బావి ఎంత స్వచ్ఛమో చెప్పరు.

లోకంలో బంగారాన్ని రాయి నుంచి విడదీయడానికి ఎక్కువగా వాడేది సైనైడ్. మనకు దూరం కాని కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. అక్కడి సైనైడ్ దిబ్బలు ఇంకా ఉన్నాయి. ఆ దిబ్బల సంగతి విన్న తుగ్గలి మనిషికి సందేహాలు రావడం సహజం. ఆ సందేహాలకు జవాబు కంపెనీ దగ్గర ఉంటే, అది బాగున్న జవాబే అయితే, దాచుకోవడం వల్ల నష్టం దానికే. క్రషర్ కథే మళ్ళీ జరుగుతుంది.

మన చేతిలో ఉన్నవి

ఇక్కడ మన తండాలకు ఒక లోటు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1997 సమత తీర్పు ఉంది, పెసా చట్టం ఉంది. కర్నూలు జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. మనం గిరిజనులమే కానీ మన నేలకు ఆ కవచం లేదు. కాబట్టి సమాచారమే మన కవచం. అది అడిగితే తప్ప రాదు.

2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణ జరిగే ప్రాజెక్టుకు నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. అనుమతి వచ్చాక ఆ షరతులు ఎలా పాటిస్తున్నారో ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అది రహస్యం కాదు, ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. కాలుష్య నియంత్రణ మండలి కాగితాలకు 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. డిగ్రీ చదివిన మన పిల్లలు ఏడాదికి రెండుసార్లు ఈ నివేదికలు తెప్పించి, ఒక పేజీ తెలుగులో రాసి, తండాలో చదివి వినిపించాలి. మన ఉపాధ్యాయులు దాన్ని పదో తరగతి పిల్లలకు లెక్కల పాఠంగా చేయవచ్చు. ఎంత నీరు, ఎంత దుమ్ము, పోయిన ఏడాదికి ఇప్పటికి ఎంత తేడా.

కొనేటప్పుడు కూడా అడగాలి. ఒక్కడు అడిగితే అంగడివాడు నవ్వుతాడు. పదిమంది అడిగితే పై వ్యాపారికి ఫోను చేస్తాడు. చెప్పినవాడిని మొదటి మాటకే వెక్కిరించడం కూడా మనం మానుకోవాలి. 'ఇంకా మూడు మిగిలాయి' అని ఒప్పుకున్నవాడిని కొడితే, రేపు ఎవడూ ఒప్పుకోడు. అబద్ధం చెప్పినవాడికి, సగం చేశానని నిజం చెప్పినవాడికి తేడా చూపడం కొనేవాడి బాధ్యత.

చివరగా మన మౌనం మాట. మన తండాల్లో మందులు తక్కువ వేసి పండించిన కొర్ర, జొన్న, కంది సంతలో అన్నిటితో కలిసి పేరు లేకుండా పోతుంది. అరకు ఆదివాసులు అలా వదిలేయలేదు. వాళ్ళ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి పేరుతోనే అది పారిస్ దాకా అమ్ముడైంది. ఎక్కడ పండింది, ఎలా పండింది అని చెప్పడం వల్ల గౌరవం, ధర రెండూ వస్తాయని అది రుజువు. కంపెనీలను నోరు తెరవమనే మనం మన సరుకు గురించి మనమూ చెప్పడం నేర్చుకోవాలి. మంచి ఎంతో, లోటు ఎంతో, రెండూ.

ఈసారి పిల్లలను ఎర్రగుడి తీసుకొనిపోతే, చక్రవర్తి గొప్పతనం ఒక్కటే చెప్పి తిరిగి రాకండి. మూడు ప్రాణుల లెక్క చెప్పండి. కళింగలో చెక్కని లెక్క కూడా చెప్పండి. తర్వాత గుట్ట మీద నుంచి గని వైపు చూపించి, అక్కడ ఏ లెక్క అడగాలో వాళ్ళనే రాయమనండి.